మంజుల వార్చిన నీళ్లు

ఆలుగడ్డలు వేయించడం కూడా ఒక పనేనా అని మూతి తిప్పేవాళ్లు మా తొర్రూరులో బొచ్చెడు మంది. తిప్పుకోనీయండి. వాళ్లెవరూ మంజుల చేతి వేపుడు తినలేదు. మంజులది మా పక్క ఇల్లే, మధ్యలో నడుమెత్తు గోడ. సాయంత్రం ఆమె బట్టల దుకాణం నుంచి వచ్చి పొయ్యి ముట్టించిందంటే ఇవతల కుట్టుమిషన్ మీద నా కాలు ఆగిపోయేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా కొలతల మాట మరిచి, "ఏం వండుతున్నరక్కా పక్కింట్ల?" అని అడిగేవాళ్లు.

ఆమె పద్ధతి ఇదీ. ఆలుగడ్డల పొట్టు తీయదు. చూపుడువేలంత ముక్కలు కోసి, పాత ధోతి గుడ్డలో వేసి తడి లేకుండా అద్దుతుంది. ఇనుప కడాయిలో నూనె బాగా కాగాక ముక్కలు పరిచి, మూత పెట్టకుండా, ముట్టుకోకుండా వదిలేస్తుంది. నాకు అంత ఓపిక ఎక్కడిది? "కెలుకకు ఎల్లక్కా," అని నన్ను వెక్కిరించేది. "ముక్క కడాయిని కరుచుకోవాలె. కరుచుకున్నంక దానంతట అదే ఇడుస్తది. అప్పుడు తిప్పాలె. నువ్వు గరిటె పట్టినవంటె ఊకె ఉండవు." ఉప్పు చివరికే. ముందు వేస్తే ముక్క నీళ్లు విడుస్తుంది. దంచిన ఎల్లిగడ్డ, జీలకర్ర, కారం పొయ్యి ఆర్పేసిన తర్వాత చల్లి ఒక్కసారి ఎగరేస్తుంది. పైన కరకర, లోపల మెత్తన.

ఆమె మొగుడు జయపాల్. కాలిపోయిన బోరుమోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పనిచేసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే రైతులు మోటార్లు ఎత్తుకొచ్చి అతని నెత్తిన కూర్చునేవాళ్లు. ఇంటికి చేరేసరికి చేతులకు వార్నిష్ వాసన, నడుములో నొప్పి. ఆ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలు. కంచం ముందు కూర్చోగానే ఒకటే ప్రశ్న, "ఆలుగడ్డ ఉన్నదా?" ఉంటే ఆ పూట పండుగ. లేకపోతే ముఖం ముడుచుకుని తినేవాడు. బడికి పోయే బిడ్డ బుజ్జి కూడా అంత అలిగేది కాదు.

ఇక అతని తల్లి పోచమ్మ. ఆమె సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. పోచమ్మ దేన్నీ పారబోయని మనిషి. మొగుడు పోయిన తర్వాత నాట్లకూ కోతలకూ పోయి ఇద్దరు పిల్లలను సాకింది. అన్నం వారిస్తే గంజి దాస్తుంది. పప్పు ఉడికితే పైన తేట తీసి పెడుతుంది. చిక్కుడుకాయ ఉడికిన నీళ్లలో చింతపండు పిసికి, పోపు పెట్టి చారు చేస్తుంది. ఆ మాటకొస్తే మా ఇళ్లలో అందరం చేసేదే. వార్చిన నీళ్లు మోరీలో పోస్తే ఇంటి లక్ష్మిని గెంటినట్టు అనుకుంటాం. మాకది అలవాటు. పోచమ్మకు అది నమ్మకం. "కూరదేమున్నది బిడ్డా, పిప్పి. సత్తువంత నీళ్లల్లకు దిగుతది," అనేది. జయపాల్ చిన్నప్పుడు జ్వరం వచ్చి మంచం పడితే గంజి నీళ్లతోనే లేపి నిలబెట్టానని చెప్పని రోజు లేదు. విని విని నా చెవులు తూట్లు పడ్డాయి.

అలాంటి ఇంట్లో జయపాల్‌కు కాళ్లు ఉబ్బాయి. వాతమన్నారు. ముఖం ఉబ్బింది, అన్నం సయించలేదు, మెట్టెక్కితే ఆయాసం. మానుకోట దవాఖానకు తీసుకుపోతే రక్తం చూసి, రెండు కిడ్నీలూ పాడైపోయాయి అన్నారు. బీపీ ఎప్పుడు పట్టుకుందో మనిషికే తెలియదు. దాని మీద ఆ నొప్పి గోలీలు. ఇక మంగళవారం, గురువారం, శనివారం డయాలసిస్ మిషన్ మీద పడుకుని రక్తం కడిగించుకుంటేనే బతుకు. మా ఆయన ఐలేశ్ ఆటోలోనే తీసుకుపోయి తీసుకొచ్చేవాడు.

పోచమ్మ డాక్టర్ల వెంట పడింది. తన కిడ్నీ కోసి కొడుక్కు పెట్టమంది. ఆమెకు షుగర్ ఉంది, వయసు మీరింది, కుదరదు పొమ్మన్నారు. ఆ రోజు ఆటోలో నేనూ ఉన్నాను. మానుకోట నుంచి తొర్రూరు దాకా ఆమె ఒక్క మాటే అంది. "నా పానంల ఒక్క తునక గూడ నా కొడుక్కు అక్కరకు రాకపాయె." నేను ఆమె కొంగు సర్దాను.

ఇక తిండి. నీళ్లు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. ఉప్పు వద్దు. పండ్లు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, ఆకుకూర వద్దు. ఆలుగడ్డ అసలే వద్దు. జయపాల్ అన్నిటికీ తలూపాడు. ఆలుగడ్డ దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడిలా కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. చేతిలో పని పోయింది, ఒంట్లో బలం పోయింది, దూప తీరా నీళ్లు తాగే భాగ్యం పోయింది. ఆ ఒక్క ముక్క కూడా గుంజుకోవాలా దేవుడు? నాకు ఒళ్లు మండింది. మనిషి కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు నమిలి, లేచిపోయేవాడు. రోజురోజుకీ ఎముకలు తేలుతున్నాయి. మంజుల చూడలేకపోయింది.

మిషన్ దగ్గర పనిచేసే గణపతి అనే అబ్బాయి ఉన్నాడు. తండా పిల్లవాడు, మాట నిదానం. మంజుల అతన్ని పట్టుకుని, ఎట్లన్న చేసి ఆలుగడ్డ పెట్టే ఉపాయం చెప్పమని బతిమాలింది. అతను విసుక్కోకుండా చెప్పాడు. "ఆలుగడ్డల పొటాషియమని ఒకటుంటదక్కా. మనకు ఎక్కువైతే మూత్రంల పోతది. అన్నకు పోయే తొవ్వ లేదు. రక్తంల చేరి గుండెను ఆపుతది. నువ్వు పొట్టు తీసి, పల్చగ కోసి, నానేసి, మల్ల బొచ్చెడు నీళ్లల్ల ఉడికిస్తే సగానికి ఎక్కువ నీళ్లల్లకు దిగుతది. గా నీళ్లు పారబొయ్యి. వారంల ఒక్క దినం, పిడికెడు ముక్కలు. గంతే."

అంత వివరంగా చెప్పిన సంగతి ఇంటికి వచ్చేసరికి ఒక్క ముక్కగా మిగిలింది. ఇంట్లో ఎప్పుడూ అంతే కదా, పని మీద పని, ఎవరికి ఎవరు పాఠం చెబుతారు? మంజుల అత్తతో అన్నది, "ఉడికిన నీళ్లు పారబొయ్యాలెనట అత్తమ్మా, మంచిది కాదట." పోచమ్మ సరేనంది.

ఆనాటి నుంచి మంజుల వేపుడు మొత్తం తలకిందులైంది. పొట్టు తీసి, పల్చటి చక్రాలు కోసి, పొద్దున వేడి నీళ్లలో నానేసి దుకాణానికి పోయేది. సాయంత్రం వచ్చి ఆ నీళ్లు వంపేసి, పెద్ద గిన్నె నిండా కొత్త నీళ్లు పోసి ఉడికించేది. మళ్లీ వార్చేది. అప్పటికి ఆ ముక్కలో ఏం మిగులుతుంది? తెల్లగా పాలిపోయి, పట్టుకుంటే విరిగేది. కడాయిలో వేస్తే సగం ముద్దయింది, సగం అడుగంటి మాడింది. మొదటిసారి ఆ కడాయిని గోడ మీద పెట్టి ఏడ్చింది. "నీళ్లల్ల ముంచి ముంచి పీనుగను చేసినక్కా దీన్ని," అంది.

అయినా వదల్లేదు. మంజుల మొండిది. ఉడికీ ఉడకకముందే వార్చడం నేర్చుకుంది. గుడ్డ మీద ఒక్కొక్క చక్రం పరిచి ఫ్యాను కింద ఆరబెట్టేది. కడాయిని పొగ వచ్చేదాకా కాల్చి, నూనె వేసి, ఒకదాని మీద ఒకటి పడకుండా కొన్ని కొన్నే వేసేది. రెండు పక్కలా ఎర్రగా కరుచుకునేదాకా కదలకుండా నిలబడేది. ఉప్పు లేని లోటుకు ఎల్లిగడ్డ దండిగా దంచేది, జీలకర్రతో పాటు మిరియాలు వేసేది. పాత రుచి రాలేదు. పాత చప్పుడు మాత్రం వచ్చింది. జయపాల్ మొదటి ముక్క కొరికినప్పుడు ఆ కరకర గోడ ఇవతలికి వినిపించింది. నేను కుట్టుమిషన్ ఆపి కళ్లు తుడుచుకున్నాను.

వార్చిన నీళ్ల గిన్నె పెరట్లోకి తీసుకుపోతుంటే పోచమ్మ ఎదురొచ్చేది. "ఇటియ్యి, నేను పారబోస్త. పొద్దంత నిలబడి వచ్చినవ్, కాళ్లు కడుక్కోపో." మంజుల ఇచ్చేసేది. అత్తకు తన మీద ఎన్నడూ లేని జాలి కలిగిందని సంతోషపడింది కూడా.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. జయపాల్ తింటున్నాడు. పోచమ్మ గోడ దగ్గరికి వచ్చి నాతో గొప్పలు పోయేది. "పగటి పూట నా చేతి చారు పోస్తున్న బిడ్డా. రెండు ముద్దలు ఎక్కువ తింటాండు. మొఖంల జర కళ వచ్చింది సూడు." నాకేం కళ కనపడలేదు. అయినా తల్లి కదా, అవునవ్వా అన్నాను. చారు దేంతో చేశావని ఎవరడుగుతారు?

అప్పుడు రక్తపరీక్షలో పొటాషియం పెరిగింది. గణపతి మంజులను పక్కకు పిలిచి అడిగాడు. ఆలుగడ్డ నానబెడుతున్నానంది, ఉడికిస్తున్నానంది, నీళ్లు పారబోస్తున్నానంది. ఇంకా బాగా ఉడికించమన్నాడు. ఆమె ఇంకా పల్చగా కోసింది, ఇంకాసేపు నానేసింది. మళ్లీ పెరిగింది. ఈసారి గణపతి నిదానం పోయింది. "అన్నను బతికించుకుందామనే ఉన్నదా అక్కా నీకు? ఆలుగడ్డ బంద్ చెయ్యి," అన్నాడు. పక్క మంచాల వాళ్ల ముందే అన్నాడు.

బంద్ చేసింది. పొటాషియం దిగింది. ఇంకేం కావాలి సాక్ష్యం? తప్పంతా తన వేపుడుదే అని మంజుల నమ్మింది. ఇంటిల్లిపాదీ నమ్మారు, నేనూ నమ్మాను. పోచమ్మ మాత్రం, "దవాఖానోళ్లు తిండి బంద్ చేసి మనిషిని ఎండగొడ్తున్నరు," అని గొణిగింది.

ఆలుగడ్డ ఆగిపోగానే జయపాల్ మళ్లీ కంచం ముందు నుంచి లేచిపోవడం మొదలుపెట్టాడు. ఒక శనివారం మిషన్ నుంచి వచ్చాక భార్య చేయి పట్టుకుని అడిగాడు. "ఒక్కసారి చెయ్యి మంజులా. ఎట్లనో నీకే ఎరుక." ఆమె కాదనలేకపోయింది. ఆదివారం దుకాణానికి సెలవు. పొద్దుటి నుంచి ఆ పనే పెట్టుకుంది. నానేసిన నీళ్లు వంపి మళ్లీ నానేసింది. ఈసారి ఎసట్లో ఎక్కువసేపు ఉంచింది. ముక్కల్లో ఉన్నదంతా నీళ్లలోకి దిగేదాకా చూసింది. గోడ మీది నుంచి నాకు ఒక ముక్క ఇచ్చి, "ఏమన్న రుచి ఉన్నదా అక్కా?" అంది. గడ్డి పరకకు ఉన్నంత రుచి కూడా లేదన్నాను. "హమ్మయ్య," అంది. రుచి లేదంటే సంతోషించిన వంటమనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఆ రాత్రి భోజనం వాళ్లింట్లో నవ్వులతో సాగింది. బుజ్జి తండ్రి కంచంలోంచి ముక్క ఎత్తుకుపోయిందని అల్లరి. జయపాల్ ఆమెను మందలిస్తున్నట్టు నటిస్తూ ఇంకో ముక్క ఇచ్చాడు. మంజుల ఎంత జాగ్రత్తగా వార్చిందో, అత్త చేతికిచ్చిన ఆ గిన్నెలో అంత విషం చేరిందని ఆ నవ్వుల్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు సోమవారం. సేటు ఇంట్లో ఎవరికో బాగాలేదని దుకాణం మధ్యాహ్నమే మూశారు. మంజుల ఇల్లు చేరేసరికి పోచమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. జయపాల్ మంచం మీద కూర్చుని, కంచం ఎత్తి చారు జుర్రుతున్నాడు. చిక్కటి చారు, చింతపండు వాసన, దాని కింద ఇంకో వాసన. మంజులకు ఆ వాసన తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కంచంలో వేలు ముంచి నాకింది. ఆలుగడ్డ.

"గిది దేనితోని చేసిండ్రు?" అని అడిగింది.

"గట్టిగ అనకు," అన్నాడు జయపాల్. "నువ్వు వార్చిన నీళ్లే. మరిగించి, సగం జేసి చారు పెడ్తది అవ్వ."

"నీకు ఎరుకేనా?"

"మొదటి దినమే ఎరుకైంది. ఆలుగడ్డ వాసన నాకు తెల్వదా? అవ్వ గిన్నె పట్టుకుని ఎదురుంగ కూసుంటది. నేను తాగుతుంటె ఆమె మొఖం ఎట్లుంటదో నువ్వు సూడలేదు. ఇన్నొద్దులకు కొడుక్కు ఏమన్న చేసిన్నని సంబురపడ్తది. ఎట్ల వద్దంటనే? తాగకుంటె మాత్రం నేను ఎన్నొద్దులుంట?"

మంజుల గోడ దాకా వచ్చి నన్ను చేత్తో పిలిచింది. నేను వెళ్లేసరికి గణపతికి ఫోన్ చేసి చెబుతోంది. అవతల అతని మాట నాకూ వినిపించింది. "గా నీళ్లు మరిగించి పోసిండ్రా? అక్కా, ఇప్పుడే తోల్కరాండ్రి. మిషన్ ఖాళీ చేపిస్త," అన్నాడు. ఐలేశ్ భోజనానికి వచ్చి ఉన్నాడు కాబట్టి ఆటో ఇంటి ముందే ఉంది. జయపాల్ లేవబోయి కూలబడ్డాడు. కాళ్లు తనవి కానట్టు ఉన్నాయన్నాడు. ముగ్గురం కలిసి ఎక్కించాం.

పోచమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "రేపటి మిషన్ ఇయ్యాల్నే పెడ్తరా? బువ్వ సగంలనే లేసినవ్ కొడుకా," అంది. "వచ్చినంక తింటనవ్వా," అన్నాడు జయపాల్.

ఆటోలో అతని తల మంజుల ఒడిలో ఉంది. నేను కాళ్లు పట్టుకున్నాను. నాలుక మొద్దుబారిందన్నాడు. కాసేపటికి మాట ముద్దగా రావడం మొదలైంది. ఆ ముద్ద మాటతోనే భార్య వైపు చూసి అన్నాడు. "అవ్వకు చెప్పకు. నీళ్ల సంగతి ఎన్నడు చెప్పకు. తట్టుకోదు. ఒట్టెయ్యి." మంజుల వేయలేదు. "నువ్వు ఊకో, దవాఖాన వస్తాంది," అంది. అతను ఆమె చేతిని లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. ఐలేశ్ హారన్ మీద నుంచి చేయి తీయకుండా తోలుతున్నాడు. నెల్లికుదురు దాటాం. రోడ్డు పక్క వరి మీద ఎండ కొడుతోంది. నా చేతుల్లో ఉన్న కాళ్లు ఇంకొంచెం బరువయ్యాయి. మంజుల అతని ఛాతీ మీద చెవి పెట్టి విన్నది, తల ఎత్తలేదు. నేను ఐలేశ్ భుజం మీద చేయి వేశాను. ఆటో పక్కకు ఆగింది.

చావు ఇంట్లో నోళ్లకు తాళాలుండవు. జఫర్‌గఢ్ నుంచి జయపాల్ అక్క వనజ వచ్చింది. శవం ముందు కూర్చుని శోకాల్లోనే అన్నీ అనేసింది. దవాఖానవాళ్లు వద్దన్న ఆలుగడ్డలు వండి పెట్టిందనీ, ఆదివారం నాడు కడుపునిండా తినిపించి సోమవారం సాగనంపిందనీ. మానుకోటలో గణపతి మంజులను తిట్టింది పది మందీ చూసిందే. కాబట్టి ఎవరూ అనుమానించలేదు. బట్టల దుకాణంలో ఆమెతో పనిచేసే వాళ్లు కూడా వచ్చి, ఒకరి చెవిలో ఒకరు అదే గుసగుస. పోచమ్మ కోడలి ముఖం చూడకుండా పక్కకు తిరిగి కూర్చుంది.

నాకు నోరు ఆగదు. వాడకట్టంతా ఎరిగిన సంగతే. అయినా ఒట్టు ఆమెది, నిజం ఆమెది, నేనెవరిని? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పండ్లు కొరుక్కుని కూర్చున్నాను.

దినాలు అయిపోయిన రోజు వనజ తల్లిని తనతో తీసుకుపోతానంది. పోచమ్మ మూట కట్టుకుని మా గడప మీద వచ్చి కూర్చుంది. ఆ కొన్నాళ్లలోనే సగం మనిషి అయింది. "ఒక్కటే తృప్తి బిడ్డా," అంది నాతో. "నా కిడ్నీ పనికి రాకపాయె గని, నా చేతి చారు పనికొచ్చింది. పొయ్యేనాడు గూడ నా చారు తాగే పోయిండు. గా కోడలు పిప్పి పెట్టింది, నేను సత్తువ పోసిన. మొదటి సంది వంట నా చేతులనే ఉంటె నా కొడుకు బతుకుతుండె."

అప్పుడు నా నాలుక చివరి దాకా వచ్చింది. అవ్వా, ఆ సత్తువే చంపింది, అనేదాన్నే. ఎప్పుడు వచ్చిందో మంజుల నా వెనక నిలబడి ఉంది. నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. పోచమ్మ ఆమెను చూసి లేచింది. "నా కొడుకు నోటి ఆశకు పానం తీసినవ్. నీ మొఖం నాకు సూపెట్టకు," అని బస్టాండు దారి పట్టింది. మంజుల ఆ మూటను కొంత దూరం మోయబోయింది. పోచమ్మ లాక్కుని పోయింది.

అది కూడా దిగమింగుకున్నాను. బుజ్జి సంగతి మాత్రం మింగలేకపోయాను. వారం తిరగకముందే ఆ పిల్ల అన్నం వేళకు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మొదట ఆటలనుకున్నాను. రోజూ వస్తోంది, మా ఇంట్లోనే తింటోంది. ఏమ్మా, మీ అమ్మ వండలేదా అంటే తల వంచుకుని, "అమ్మ వండింది నాకు వద్దు పెద్దమ్మా. నాయినమ్మ ఫోన్ల చెప్పింది," అంది. ఆ పిల్ల ముందు నేను ఏడవలేక లోపలికి పోయాను.

అదే ఊపులో మంజుల ఇంటికి పోయాను. పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది. ఒకరికి సరిపడా వండిన అన్నం, అదీ ముట్టలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది.

"నీ బిడ్డ నీ చేతి బువ్వకు భయపడ్తాందే. ఎరుకేనా నీకు? ముసలిదాన్ని కాపాడేటందుకు నీ బిడ్డను పోగొట్టుకుంటవా? పిల్లకన్న చెప్పు నిజం."

"చిన్నపొల్ల అక్కా. నాయినమ్మతోని ఫోన్ల మాట్లాడ్తది. నోరు ఆగుతదా?" అంది. గొంతులో ఏ హెచ్చూ తగ్గూ లేదు.

"ఆగకుంటె ఆగకపాయె. ముసలమ్మకు తెలుస్తది, తెల్వనీ. చేసింది ఆమెనే గద. నీకు గింత జాలి ఎక్కడిదే ఆమె మీద?"

"నాకు జాలి లేదు," అంది మంజుల. "రోజు తిట్టుకుంటున్న. పొయ్యి ముట్టిచ్చినప్పుడల్ల తిట్టుకుంటున్న. ఆయన నా చెయ్యి గుంజి నెత్తిన పెట్టుకున్నడు, నువ్వు సూసినవ్. గా చెయ్యి ఇంక గట్లనే ఉన్నట్టున్నది. నోరు తెరుద్దామంటె తెరుసుకుంటలేదు."

నేను ఆమె పక్కన కూలబడ్డాను. గోడ అవతల మా వంటింట్లో బుజ్జి ఐలేశ్‌ను ఇంకొంచెం అన్నం అడుగుతోంది. ఆ మాట ఇద్దరికీ వినిపించింది. మంజుల ఆ వైపు తల తిప్పింది. తర్వాత నన్ను అడిగింది.

"అవ్వ తట్టుకోదు అన్నడు గద అక్కా. నేను తట్టుకుంటనని ఎట్ల అనుకున్నడు?"